అంతియొకయ పంపిన సొమ్ము

(ఖరగ్‌పూర్, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని తెలుగు విశ్వాసుల కూడికలో కోతకాల కృతజ్ఞతారాధన సందర్భమున చేసిన ప్రసంగము)

ధ్యాన భాగములు: అపొస్తలుల కార్యములు 11:27–30, 2 కొరింథీయులకు 8:1–15



అంతియొకయ సంఘమును గూర్చి మనము సాధారణముగా రెండు సంగతులు జ్ఞాపకముంచుకొందుము. శిష్యులకు క్రైస్తవులను పేరు మొట్టమొదట కలిగినది ఆ పట్టణముననే. అన్యజనులయొద్దకు బర్నబాను సౌలును ఉపవాస ప్రార్థనలతో సాగనంపినదియు ఆ సంఘమే. మొదటి సంగతి పదకొండవ అధ్యాయములోను, రెండవది పదుమూడవ అధ్యాయములోను ఉన్నవి. ఈ రెంటి నడుమ మూడవ సంగతి యొకటి నాలుగే వచనములలో ఇమిడియున్నది. క్రైస్తవులని పిలువబడిన పిమ్మట, మిషనెరీలను పంపకమునుపు, ఆ సంఘము కరవులోనున్న కుటుంబములకు సొమ్ము పంపెను.

అగబు అను ప్రవక్త యెరూషలేమునుండి వచ్చి, గొప్ప కరవు రాబోవుచున్నదని ఆత్మచేత సూచించెను. అది క్లౌదియ చక్రవర్తి కాలమున సంభవించెనని లూకా తేదీ వేసి చెప్పుచున్నాడు. క్లౌదియ క్రీ.శ. 41 నుండి 54 వరకు ఏలినవాడు. అంతియొకయవారు ఈ మాట విని ఏమి చేసిరి? ఈ కరవు ఎవరి పాపమువలన వచ్చుచున్నదని వారు తర్కింపలేదు. యూదయలోని సహోదరులు దానికి అర్హులా అని విచారణ సంఘమును నియమింపలేదు. ప్రతివాడును తనకు కలిగిన వృద్ధినిబట్టి ఇయ్య నిశ్చయించుకొని, బర్నబా సౌలుల చేతికిచ్చి, అక్కడి పెద్దలయొద్దకు పంపిరి. అంతియొకయకును యెరూషలేమునకును ఇంచుమించు ఐదువందల కిలోమీటర్ల దూరము. ఇద్దరు మనుష్యులు అంత దూరము ధాన్యపు బస్తాలు మోసికొనిపోలేరు. వారు తీసికొనిపోయినది నాణెములే.

తెలుగు బైబిలులో ఇచ్చట 'సహాయము' అని చదువుచున్న చోట గ్రీకు మూలమున 'దియకోనియ' అను మాట ఉన్నది. వాక్య పరిచర్య, బల్లలయొద్ద పరిచర్య అని మరియొక చోట మనము చదువునది ఈ మాటయే. ఇది నాకు చిన్న సంగతిగా తోచుటలేదు. సువార్త ప్రకటించుట పరిచర్య, సొమ్ము పంపుట కేవలము సహాయము అని మన మనస్సులో రెండు అరలు చేసికొనియున్నాము. లూకా కలమునకు ఆ రెండు అరలు తెలియవు.

ఈ కోతపండుగనాడు మనము బల్లమీద పెట్టిన వంకాయలు, గుమ్మడికాయలు, అరటిగెలలు బజారునుండి కొని తెచ్చినవే. మనకు పొలములు లేవు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే దినములనుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల పల్లెలను విడిచి, ఈ రైల్వే పట్టణమునకు పనికై వచ్చినవారి సంతతి మనలో అనేకులు. పొలము పండని యింటినుండి నెలజీతము దొరకు చోటికి వచ్చినవారు వారు. కనుక కోతను గూర్చి దేవునికి కృతజ్ఞత చెల్లించునప్పుడు, కోత లేని పొలమును గూర్చి యోచించుట మనకు తగియున్నది.

1. కరవు ఏ వరుసలో తినివేయును?

కరవు అనగా తిండి లేకపోవుట అని మనమనుకొందుము. లేఖనము దానికంటె లోతుగా చూచుచున్నది. ఆదికాండము 47వ అధ్యాయమును నెమ్మదిగా చదువుడి. ఐగుప్తీయులు మొదటి యేట తమ రూకలు ఇచ్చి ధాన్యము కొనిరి. రూకలు అయిపోగా గుఱ్ఱములను, గొఱ్ఱెలను, పశువులను, గాడిదలను ఇచ్చిరి. పశువులును పోగా తమ పొలములను, తుదకు తమ దేహములనే అప్పగించి ఫరోకు దాసులైరి. ప్రాణము నిలిచినది, స్వాతంత్ర్యము పోయినది. రూకలు, పశువులు, భూమి, శరీరము, ఇదియే కరవు తిను వరుస.

మన పల్లెలలోను వరుస ఇదియే. వాన తప్పిన యేడు ఇంటి ఇల్లాలి చెవికమ్మలు తాకట్టునకు పోవును. తరువాత పశుగ్రాసము లేక ఎద్దులు సంతకు తోలబడును. ఆ వారము చుట్టుప్రక్కల ఊళ్లవారందరును తమ ఎద్దులను తోలుకొని వచ్చుదురు గనుక ధర సగమునకు పడిపోవును. పిమ్మట అప్పు, అప్పు వెనుక పొలము. చివరకు మేస్త్రీయొద్ద బయానా పుచ్చుకొని, వృద్ధులను ఇంట విడిచి, బడికి పోవు పిల్లను బడి మాన్పించి, కుటుంబము వలస పోవును. 1972, 1987, 2002, 2009 సంవత్సరములలో దేశమున నైరుతి ఋతుపవనములు విఫలమైనవి. అట్టి యేడులలో అనంతపురము, మహబూబునగరము వంటి జిల్లాలవారికి ఈ వరుసను ఒకరు నేర్పనక్కరలేదు.

ఇప్పుడు ఒక లెక్క వేయుదము. మూడు ఎకరముల మెట్టలో వేరుసెనగ వేయు కుటుంబమొకటి ఉన్నదనుకొనుడి. తిండికిని విత్తనములకును పదివేల రూపాయలు కావలెను. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినయెడల సంవత్సరాంతమున వడ్డీయే 3,600 రూపాయలగును. అప్పు తేక ఎద్దుల జతను ముప్పదివేలకు అమ్ముకొని, వాన పడిన పిమ్మట అట్టి జతనే యాభైవేలకు కొనవలసివచ్చినయెడల ఇరువదివేలు నష్టము. ఎద్దులు సంతకు పోకమునుపే ఆ పదివేలు ఆ యింటికి అందినయెడల, అది పదివేల సహాయము మాత్రమే కాదు. ఇరువదివేల నష్టమును ఆపినది, రాబోవు పంటను కాపాడినది. అదే పదివేలు ఎద్దులు పోయిన ఆరు నెలలకు వచ్చినయెడల, అన్నమునకే ఖర్చగును. సొమ్ము ఎంత అనునది ఒక ప్రశ్న, ఎప్పుడు అనునది దానికంటె పెద్ద ప్రశ్న. అంతియొకయవారు ప్రవక్త మాట వినిన వెంటనే నిశ్చయించుకొనుటలోని జ్ఞానము ఇదియే.

నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయములోను ఈ మొఱ్ఱయే వినబడుచున్నది. కరవులో ధాన్యముకొరకు పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువపెట్టితిమని జనులు ఏడ్చిరి. కుమారులును కుమార్తెలును దాస్యమునకు పోవుచున్నారనిరి. నెహెమ్యా మిగుల కోపపడెను. ప్రార్థన కూటము పెట్టి ఊరకుండక, పొలములను తిరిగి ఇచ్చివేయుడనియు, వడ్డీగా పుచ్చుకొనుచున్న నూరవ వంతును విడిచిపెట్టుడనియు ఆజ్ఞాపించెను. ఆ నూరవ వంతు నెలవడ్డీయని వ్యాఖ్యాతలనేకులు తలంచిరి. నెలకు నూటికి ఒకటి అని విని నెహెమ్యా కోపించినయెడల, నెలకు నూటికి మూడు అని వినిన మనమేమి చేయవలెను?

2. ధాన్యమా, డబ్బా?

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టవలెను గాని చేతికి డబ్బు ఇయ్యవచ్చునా అని కొందరు అడుగుదురు. క్లౌదియ కాలపు కరవునందే దీనికి సమాధానమున్నది. యూదా చరిత్రకారుడైన జోసీఫసు వ్రాసిన సంగతి యొకటి చూడుడి. యూదుల మతమును అవలంబించిన అదియబెనె దేశపు రాణి హెలేనా ఆ దినములలో యెరూషలేమునకు వచ్చెను. జనులు ఆకలిచే చచ్చుట చూచి, అలెక్సంద్రియకు మనుష్యులను పంపి ధాన్యము కొనిపించెను. కుప్రనుండి ఎండిన అంజూరపు పండ్లు తెప్పించెను. ఆమె కుమారుడైన ఇజాతె రాజు విషయము విని, యెరూషలేములోని ప్రముఖులకు విస్తారమైన సొమ్ము పంపెను. ఒకే కరవు, ఒకే కుటుంబము, రెండు విధముల సహాయము. ధాన్యము దొరకని చోట తల్లి ధాన్యము తెప్పించెను, కొనుటకు చేత రూకలు లేనివారికి కుమారుడు రూకలు పంపెను.

ఈ భేదమును ఎరుగుటకు మనము దూరము పోనక్కరలేదు. ఖరగ్‌పూర్ అప్పుడు అవిభక్త మేదినీపూర్ జిల్లాలోనిది. 1942 అక్టోబరు 16న ఆ జిల్లా తీరమును ఘోరమైన తుపాను కొట్టెను. మరుసటి యేడు, 1943లో, బెంగాలు కరవు వచ్చెను. లక్షలాది జనులు మరణించిరి. అమర్త్య సేన్ 1981లో ప్రచురించిన తన గ్రంథములో ఆ కరవును పరిశీలించి, దేశములో ధాన్యము తరిగిపోవుటయే మూలకారణము కాదనియు, ధరలు పెరిగిపోగా కూలివారికిని, జాలరులకును, చేతివృత్తులవారికిని దానిని కొను శక్తి లేకపోవుటయే వారిని చంపెననియు వాదించెను. యుద్ధకాలమున రైల్వేలలోను కర్మాగారములలోను పనిచేయువారికి తక్కువ ధరకు ధాన్యమిచ్చు ఏర్పాటులుండెను. జీతమును ధాన్యమును ఉన్నవారు బ్రదికిరి. రెండును లేని పొలము కూలి రోడ్డు ప్రక్కను పడిపోయెను. రైల్వే క్వార్టర్సులో కాపురముండు మనము ఈ సంగతిని తలవంచి చదువవలెను.

కనుక నియమము సులభము. అంగడిలో బియ్యము లేనప్పుడు బియ్యము పంపవలెను. వరదలో దారులు తెగినప్పుడు, వర్తకులు సరకు దాచినప్పుడు డబ్బు మాత్రము పంపుట ధరలను ఇంకను పెంచును. అంగడిలో బియ్యముండి ఇంటిలో డబ్బు లేనప్పుడు, డబ్బే పంపవలెను. నేటి అనావృష్టిలో మన తెలుగు పల్లెల స్థితి తరచుగా ఈ రెండవది. చౌకధరల దుకాణమున బియ్యము దొరకును. పశువునకు గడ్డి, బావి మోటారునకు మరమ్మతు, ముసలితండ్రికి మందులు, పిల్లకు హాస్టలు ఫీజు, తొలకరికి విత్తనములు, ఇవి చౌకదుకాణమున దొరకవు. వీటిలో ఏది ముందుగా కావలెనో ఖరగ్‌పూర్‌లో కూర్చున్న మనకు తెలియదు, ఆ యింటి ఇల్లాలికి తెలియును. మనము దుప్పట్లు పంపినయెడల ఆమె దుప్పట్లను సగము ధరకు అమ్మి గడ్డి కొనవలసివచ్చును.

ధర్మశాస్త్రమునందును ఈ వివేకమున్నది. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయములో, ఆలయ స్థలము దూరమైనయెడల దశమభాగమును వెండిగా మార్చి, ఆ వెండి చేతపట్టుకొని పోయి, తన మనస్సు కోరినదానిని కొని దేవుని సన్నిధిని భుజించి సంతోషించుమని ఇశ్రాయేలీయునికి సెలవాయెను. దూరము వచ్చినప్పుడు వెండి, వెండి వచ్చినప్పుడు ఎన్నుకొను స్వేచ్ఛ. పరిశుద్ధమైన దశమభాగమునందే దేవుడు ఇంత స్వేచ్ఛనిచ్చెను.

3. మన తెలుగు దేశమున జరిగినది

1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమును పీడించిన ధాత, ఈశ్వర సంవత్సరముల మహాక్షామమును మన సంఘములు మరువలేదు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనులలోని కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా అని కొలత వేసెను. మనిషి చావకుండుటకు ఎంత చాలునని లెక్కించిన కొలత అది.

ఆ దినములలో ఒంగోలున అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ క్లౌ దొర పనిచేయుచుండెను. ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కాంట్రాక్టుగా తీసికొని, ఆకలిగొన్నవారికి పనిచూపి, కూలి రొక్కముగా చెల్లించెను. తన బోధకులను ఆ పనివారిపై పర్యవేక్షకులుగా నుంచెను. మరియొక ప్రక్క లండను మేయరు ఆధ్వర్యమున మాన్షన్ హౌసు నిధియని చందాలు పోగుచేయబడెను. వానలు కురియనారంభించినప్పుడు ఆ నిధినుండి మద్రాసు రాజధానిలోని రైతులకు విత్తనములకును ఎద్దులకును ఇంటికప్పులకును నేరుగా డబ్బు ఇయ్యబడెను. చావకుండుటకు మాత్రము కాక, తిరిగి దున్నుకొనుటకు ఇచ్చిన సొమ్ము అది. కరవున చిక్కిన రైతు కుటుంబమునకు రొక్కముగా సహాయము చేయుట నేటి క్రొత్త ఉపాయము కాదు. నూటనలువది యేండ్లకు పూర్వమే మన మెట్టపొలములలో అది జరిగెను.

అయితే క్లౌ దొర చేసిన మరియొక పని దీనికంటె గొప్పది. ఆ కరవు దినములలో బాప్తిస్మము కోరినవారు వేలకొలదిగా ఉండిరి. ఆయన ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. అన్నముకొరకు వచ్చినవాడెవడో, ప్రభువుకొరకు వచ్చినవాడెవడో తెలియనంతకాలము నీటిలోనికి దిగనొల్లలేదు. సహాయము ముగిసి, ఇచ్చుటకు ఏమియు లేదని చెప్పి పంపిన పిమ్మటను వారు మరల వచ్చిరి. అప్పుడే, 1878 జూలై 3న, వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మన సంఘములలో ఈ సంఖ్యను గర్వముతో చెప్పుకొందుము. దానికి ముందున్న నిరాకరణను కూడ చెప్పుకొనవలెను. సొమ్ముకు విశ్వాసమును వెలగా కట్టలేదు గనుకనే ఆ విశ్వాసము నిలిచెను.

మన కాలమున ప్రభుత్వములును ఈ త్రోవ పట్టినవి. గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభింపబడెను. 2018 మే నెలలో తెలంగాణలో రైతుబంధు పేరిట ఎకరమునకు పంటకు 4,000 రూపాయలు ఇయ్యనారంభించిరి. 2019లో కేంద్ర ప్రభుత్వము పి.ఎం. కిసాన్ పేరిట సంవత్సరమునకు 6,000 రూపాయలను మూడు వాయిదాలుగా పంపనారంభించెను. ఆ యేటనే ఆంధ్రప్రదేశ్‌లో రైతు భరోసా, ఈ పశ్చిమ బెంగాలులో కృషక్ బంధు వచ్చినవి. ఇవి కరవుకొరకు మాత్రమే ఏర్పడినవి కావు. అయినను వాన తప్పిన యేడు రైతు అప్పులవానియొద్దకు పోకమునుపు ఆ చేతికి కొంత అందుట మేలే.

అయితే ఒక లోపమును చూడుడి. రైతుబంధు సొమ్ము పట్టాదారుని పేరిట వచ్చెను, పి.ఎం. కిసాన్ భూమి గలవానికే ఏర్పడెను. పొలమును కౌలుకు తీసికొని, అప్పు తెచ్చి, విత్తనము వేసి, వాన తప్పగా నష్టపోయినవానికి పట్టా లేదు. ఆంధ్రప్రదేశ్ పథకము కొన్ని వర్గముల కౌలుదారులను, బెంగాలు పథకము నమోదైన బర్గాదారులను చేర్చుకొన్నను, నోటిమాటమీద కౌలు చేయువాడు కాగితమున కనబడడు. కూలివాడు అసలే కనబడడు. ప్రభుత్వము చేయుచున్నది గనుక మనకేమి పని అనువారికి ఇదియే ఉత్తరము. కాగితమునకు అందనివాడే మన పొరుగువాడు.

4. మన సందేహములు

చేతికి డబ్బు ఇచ్చినయెడల త్రాగివేయుదురని మొదటి సందేహము. అట్టివాడు ఒకడు లేకపోడు. అయితే ఈ భయమును పరీక్షించి చూచినవారున్నారు. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు డేవిడ్ ఎవాన్స్, అన్నా పోపోవా 2014లో, లాటిన్ అమెరికా, ఆఫ్రికా, ఆసియా దేశములలో జరిగిన 19 అధ్యయనములను కలిపి చూచిరి. బీదలకు నగదు ఇచ్చుటవలన మద్యముమీదను పొగాకుమీదను ఖర్చు పెరుగుటలేదని వారికి తేలెను. 2011–12 సంవత్సరములలో మధ్యప్రదేశ్‌లో 'సేవా' మహిళా సంఘము యూనిసెఫ్ సహాయముతో 8 గ్రామములలో పెద్దవారికి నెలకు 200 రూపాయలు, పిల్లలకు 100 రూపాయలు ఏ షరతును లేకుండ ఇచ్చి చూచెను. తరువాత దానిని 300, 150గా పెంచిరి. ఆ కుటుంబములు పశువులు కొనుక్కొనిరి, విత్తనములు కొనిరి, అప్పులు తగ్గించుకొనిరి, పిల్లలను బడికి పంపిరి. ఇతరుల పొలమున కూలికి పోవుట తగ్గి, తమ పొలమున పని హెచ్చెను.

సోమరితనము పెరుగునని రెండవ సందేహము. పనిచేయ నొల్లనివాడు భోజనము చేయకూడదని పౌలు థెస్సలొనీకయులకు వ్రాసెను గదా అందురు. అక్కడ అతడు చెప్పునది పని చేయనొల్లనివానిని గూర్చి, పని దొరకనివానిని గూర్చి కాదు. ఎండిన పొలమున నాగలి పట్టుకొని నిలిచినవాడు సోమరి కాడు. వానికి లేనిది మనస్సు కాదు, వాన.

పేతురు తనయొద్ద వెండి బంగారములు లేవని కుంటివానితో చెప్పెను గదా, సంఘము ఇయ్యవలసినది క్రీస్తు నామమే గదా అని మూడవ సందేహము. పేతురు లేదు గనుక లేదనెను. బ్యాంకులో డిపాజిట్టు ఉంచుకొని ఆ మాట చెప్పుటకు మనకు సెలవు లేదు. సహోదరుడు దిగంబరుడై ఆకలిగొనియుండగా సమాధానముగా వెళ్లుమని దీవించి పంపువాని విశ్వాసమును యాకోబు మృతమైనదనెను.

ఈ సందేహములన్నిటి అడుగున ఇంకొకటి దాగియున్నది. డబ్బు ఇచ్చినయెడల మన పెత్తనము పోవును. చీర పంచునప్పుడు మనము వేదికమీద నుందుము, వారు వరుసలో నుందురు, ఫోటో తీయుదుము. డబ్బు వారి ఖాతాలోనికి నిశ్శబ్దముగా పోవును. ఏమి కొనవలెనో వారే నిర్ణయించుకొందురు. మనకు కష్టమైనది ఇదియే. రూతు పరిగె ఏరుకొనుచుండగా బోయజు ఆమెను అవమానపరచవద్దని పనివారికి ఆజ్ఞాపించి, కట్టలలోనుండి కొన్ని పనలు కావలెనని జారవిడువుమనెను. ఇచ్చినట్టు కనబడకుండ ఇచ్చెను. పుచ్చుకొన్నదానిని రూతు తన కష్టార్జితమువలె తలయెత్తుకొని అత్తగారియొద్దకు తీసికొనిపోయెను.

5. పౌలు నేర్పిన పద్ధతి

నమ్మి ఇచ్చుట అనగా గ్రుడ్డిగా ఇచ్చుట కాదు. అంతియొకయ సొమ్ము తీసికొనిపోయిన సౌలే తరువాత మాసిదోనియ, అకయ సంఘములలో యెరూషలేము బీదలకొరకు చందా పోగుచేసెను. ఆ విషయమున అతడు వ్రాసిన మాటలనుండి నాలుగు సంగతులు నేర్చుకొందము.

మొదటిది, క్రమము. ప్రతి ఆదివారమున, ఎవరి వృద్ధికొలది వారు, తమయొద్ద కొంత తీసియుంచవలెనని కొరింథీయులకు చెప్పెను. వాన తప్పిన పిమ్మట డబ్బా పట్టుకొని తిరుగుట కాదు, వానకాలమునకు ముందే నిధి సిద్ధముగా నుండవలెను.

రెండవది, లెక్క. ఈ సొమ్ము విషయమున ఎవడును తప్పు పట్టకుండ, ప్రభువు దృష్టికి మాత్రమే గాక మనుష్యుల దృష్టికిని యోగ్యముగా నడుచుకొందుమని చెప్పి, సంఘములచే ఏర్పరచబడినవారిని వెంటబెట్టుకొనెను. అపొస్తలుడే తన్నొక్కనినే నమ్ముమనలేదు. పంపినదెంత, చేరినదెంత, ఎవరికి అనునది సంఘము ఎదుట చదువబడవలెను.

మూడవది, స్థలమున ఉన్నవారి మాట. అంతియొకయ సొమ్ము యూదయలోని పెద్దల చేతికి చేరెను. ఏ యింట పొయ్యి వెలుగలేదో ఆ ఊరివారే ఎరుగుదురు. అయితే పెద్దలు తమ బంధువులనే ఎన్నుకొనకుండ, ఊరి నడుమ బహిరంగముగా పేర్లు చదువవలెను. విశ్వాస గృహమునకు చేరినవారికి విశేషముగాను, అందరికిని మేలు చేయుమని గలతీయులకు వ్రాయబడినది. కులమునుబట్టిగాని సంఘమునుబట్టిగాని ఎవరిని విడువకూడదు. సాధ్యమైనచోట సొమ్ము ఇల్లాలి ఖాతాకు చేరుట మంచిది, పిల్లల ఆకలి ముందు తెలియునది ఆమెకే.

నాలుగవది, సమానత్వము. 2 కొరింథీయులకు 8వ అధ్యాయములో 'ఇసోతెస్' అను మాట పౌలు వాడెను. ఇచ్చువాడు నలిగిపోవుట గాని, పుచ్చుకొనువాడు సుఖపడి కూర్చుండుట గాని తన కోరిక కాదని, ఇప్పుడు మీ సమృద్ధి వారి కొదువను, మరియొకప్పుడు వారి సమృద్ధి మీ కొదువను తీర్చునని చెప్పి, అరణ్యములో మన్నా కూర్చుకొనిన సంగతిని ఉదాహరించెను. ఇచ్చువాడు ఎల్లప్పుడు ఇచ్చువాడే కాడు. మన తాతలకు టిక్కెట్టు డబ్బు ఏ పల్లెలోని ఏ చుట్టము సర్దెనో ఎవరెరుగుదురు?

ఈ పద్ధతి మనకు క్రొత్తది కాదు. మన దేశమున మనీయార్డరు 1880లో ఆరంభమాయెను. రైల్వే పనివారు జీతపుదినమున పోస్టాఫీసు కిటికీయొద్ద నిలిచి ఇంటికి డబ్బు పంపు అలవాటు తరములు నడిచినది. అడుగున మిగిలిన చిన్న చీటీలో, బాకీ ఇంత కట్టుము, మిగిలినది నీ ఇష్టము అని వ్రాసిరి. తల్లిని నమ్మి పంపిరి గాని, బియ్యము కొలిచి పంపలేదు. నేడు ఫోనుమీద వ్రేలు మోపిన నిమిషములో సొమ్ము చేరును. మన తల్లికి ఇచ్చిన నమ్మకమును పొరుగువాని తల్లికి ఇయ్యగలమా అనునదే మిగిలిన ప్రశ్న.

6. సొమ్ము చేయలేనిది

సొమ్మును గూర్చి ఎక్కువ చెప్పి మిమ్మును మోసపుచ్చను. రూపాయలు వాన కురిపింపవు. పూడిపోయిన చెరువును, అడుగంటిన భూగర్భజలమును ఒక కుటుంబమునకిచ్చిన పదివేలు తిరిగి తేలేవు. చెరువుల పూడిక తీయుటకును, నీరు తక్కువ త్రాగు జొన్న, రాగి, కంది పంటలను మరల వేయుటకును, కౌలుదారునికి కాగితము దొరకుటకును ఊరంతయు, ప్రభుత్వమంతయు పూనుకొనవలెను. సొమ్ము చేయునది ఇంతమాత్రమే. కరవు తిను వరుసను నడుమ ఆపును. చెవికమ్మలయొద్దనే, ఎద్దులయొద్దనే ఆపును. పొలమువరకు, శరీరమువరకు పోనియ్యదు. ఒక యేడు గడచువరకు ఆ కుటుంబమును కుటుంబముగా నిలుపును. ఆ బాలిక బడి మానదు. తొలకరి పడిన ఉదయమున ఆ యింటి ఎద్దులు ఆ యింటి ముంగిటనే యుండును. ఇది చిన్నపని కాదు.

దీని మూలమెక్కడనున్నదో పౌలు ఒక్క వాక్యములో చూపెను. ప్రభువైన యేసుక్రీస్తు ధనవంతుడైయుండియు, తన దారిద్ర్యమువలన మనము ధనవంతులము కావలెనని, మననిమిత్తము దరిద్రుడాయెను (2 కొరింథీ. 8:9). ఆయన కృప మనకు షరతులమీద రాలేదు. మనము దానిని దుర్వినియోగము చేయుదుమని ఎరిగియు ఇచ్చెను. కొలిచి, చావకుండుటకు మాత్రము ఇయ్యలేదు, బ్రదుకుటకు ఇచ్చెను. ఇచ్చిన పిమ్మట దానిని మన చేతులలో విడిచి, మనలను నమ్మెను. అట్టి కృప పొందినవాడు తన పొరుగువానికి పదివేలు ఇచ్చుటకు నూరు షరతులు పెట్టగలడా?

కావున ఈ కోతపండుగ వేలములో వచ్చు కానుకను గూర్చి నా మనవి యిది. దానిలో ఒక భాగమును సంఘపు రంగుకును మైకుకును ఉంచుకొనుటకు ముందు, వాన తప్పిన ఒక్క ఊరిలోని కొద్ది కుటుంబములకొరకు తీసియుంచుడి. పట్టా లేని కౌలుదారుని వెదకుడి. ఎద్దులు సంతకు పోకముందే పంపుడి. ఫోటో అడుగకుడి. లెక్కమాత్రము మరువక చదువుడి. ఈ పుటలను హైదరాబాదున, ముంబయిలో, బెంగుళూరున చదువు తెలుగు విశ్వాసులకును ఇదే మనవి. మనలో అనేకులకు పొలము లేదు గాని, పొలమునుండి వచ్చిన ఋణమున్నది.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, నీతిమంతులమీదను అనీతిమంతులమీదను వాన కురిపించువాడవు నీవే. వాన తప్పిన ఇండ్లను నేడు జ్ఞాపకము చేసికొనుము. ఆకాశమువైపు చూచి అలసిన కన్నులను నీవే చూడుము. మా చేతులలోనిది మాది కాదని మాకు నేర్పుము. ఇచ్చునప్పుడు అతిశయమునుండియు, ఇయ్యనప్పుడు సాకులనుండియు మమ్మును విడిపింపుము. పుచ్చుకొను సహోదరుని తల వంపకుండ ఇచ్చు మనస్సు మాకు దయచేయుము. మాకొరకు దరిద్రుడైన నీ కుమారుడు యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.